ప్రియదర్శి సుఖాన్వేషణము

సుఖమనగా నేమియని ప్రశ్నించినచో ధనమని యొకడును, ఆరోగ్యమని యొకడును, సత్సంతానమని యొకడును, ఏమియు కోరకుండుటయే సుఖమని వేరొకడును చెప్పుదురు. శాస్త్రకారుల సమాధానములు చదువరు లెరిగినవే గావున వానినిచ్చట వల్లెవేయబోము. మాకు తోచిన చిక్కు వేరొకటి గలదు. ధనము సుఖహేతువు కాదని దరిద్రుడు చెప్పినచో అందని పండు పుల్లన యను సామెత జ్ఞప్తికి వచ్చును. అధికారము దుఃఖమూలమని సన్న్యాసి చెప్పినచో, ఆయన దాని రుచి చూచియే చెప్పుచున్నాడా యను సందేహము మిగిలిపోవును. కోరినదెల్ల చేతికందినవాడు, అందినదానిని తనివిదీర ననుభవించినవాడు, అటుపిమ్మట నిజమైన సుఖమెందున్నదో వెదకి, దొరికినది దొరికినట్లు లోకమునకు తెలిపినవాడు సాక్షిగా లభించినచో ఆతని మాట వినదగియుండును. అట్టివారు చరిత్రలో నరుదు; రాజులలో మరియు నరుదు. ఇరువదిరెండు శతాబ్దులకు పూర్వమట్టివా డొకడుండెను. ఆతని వాఙ్మూలము తాటాకులమీద గాక రాతిమీద నుండుటచే నేటికిని నిలిచియున్నది. అందొక ప్రతి మన తెలుగునేలమీదనే యున్నది.

గుత్తినుండి పత్తికొండకు పోవు త్రోవలో, కర్నూలు జిల్లాయందు, ఎర్రగుడి యను గ్రామము గలదు. ఆ చెంతనున్న గుట్టమీది బండలపై నేవో వ్రాతలుండుట పసులకాపరులకు తరతరములుగా తెలిసియుండవచ్చును. అవి మౌర్య చక్రవర్తియగు అశోకుని శాసనములని విద్వల్లోకమునకు తెలిసినది మాత్రము 1928-29 ప్రాంతమున, ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు వానిని చూచిన పిమ్మటనే. పదునాలుగు పెద్ద శాసనములును, వానితోపాటు చిన్న శాసనమును గూడ నచ్చట నొక్కచోటనే యున్నవి. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. చిన్న శాసనమున కొన్ని పంక్తు లెడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి యెడమకును, రైతు సాలు ముగించి యెడ్లను మరలించినట్లు నడచును. దానిని చూచినప్పుడు, చెక్కినవాడు పొలము దున్నెడి యింటినుండి వచ్చినవాడేమో యని మాకు తోచినది.

ఈ లిపిని 1837లో జేమ్సు ప్రిన్సెపు చదివెను. చదివినను, అందలి దేవానాంప్రియ ప్రియదర్శి యెవడో వెంటనే తేలలేదు. సింహళ గ్రంథములను శోధించుచుండిన టర్నరు ఆ సంవత్సరముననే అతడు అశోకుడని సూచించెను. తరువాత 1915లో, అప్పటి నైజాము రాజ్యములోని మస్కియందు బంగారు గనుల యింజనీరొకడు కనుగొన్న శాసనమున అశోకుడను పేరే యుండుటచే సంశయము తీరెను. బంగారమును వెదకబోయినవానికి ఈ రాయి దొరకుట మాకు వేడుకగా నున్నది. ఇక దేవానాంప్రియుడను బిరుదు గతియేమైనదో చూడుడు. దేవతలకు ప్రీతిపాత్రుడని రాజు గౌరవముగా ధరించిన యీ పదమునకు తరువాతి సంస్కృత వైయాకరణులు మూర్ఖుడని యర్థము చెప్పిరి. పరుల సుఖమునందు తన సుఖమును వెదకికొన్నవానికి లోక మిట్టి బిరుదమిచ్చుట వింతగాదు.

అశోకుని గూర్చి బౌద్ధగ్రంథములందు కథలు మెండు. తొంబదితొమ్మండుగురు సోదరులను చంపి సింహాసన మెక్కెననియు, పాటలీపుత్రమున నరకమును బోలు చెరసాలను కట్టించెననియు, పిమ్మట భిక్షువుల మహిమచే ధర్మమూర్తి యయ్యెననియు చెప్పుదురు. మారిన పిదపటి మంచితనమెంత గొప్పదో చూపుటకు మారకముందరి చెడుతనమును పెంచి చెప్పుట పురాణకర్తల కలవాటే. ఐదవ శాసనమున రాజు తన సోదరుల యొక్కయు అక్కచెల్లెండ్ర యొక్కయు గృహములందు ధర్మమహామాత్రులను నియమించినట్లు చెప్పుకొనుటచే, సోదరులందరు చచ్చిరను మాట నమ్ముట కష్టము. కావున మేము కథలను ప్రక్కనబెట్టి శిలలనే యాధారముగా గొందుము. ఐనను, చెక్కించినవాడు రాజే యనియు, తన్ను గూర్చి తాను చెప్పుకొనువా డన్నియు చెప్పడనియు మరువరాదు. ఈ వ్యాసము చివర నా మాట మరల మనకు పనికివచ్చును.

పూర్వపు రాజుల సుఖమెట్టిదో మొదట చూతము. అశోకుని తాతయగు చంద్రగుప్తుని కొలువున నుండిన మెగస్తనీసు వ్రాసినది పరగ్రంథములందు ముక్కలుగా మిగిలియున్నది. అందు రాజు వేటకు వెడలు విధమున్నది. ఆయుధములు ధరించిన స్త్రీలు రాజు చుట్టును నడతురట. మార్గమున కిరుప్రక్కల త్రాళ్లు కట్టుదురట. ఆ త్రాటిని దాటి లోపలికి వచ్చినవానికి మరణమే శిక్షయట. ఒకని వినోదమునకై ప్రజలకు త్రాడు కట్టుట! మృగములకు వలపన్నుటయు ప్రజలకు త్రాడు కట్టుటయు నొక్కదినముననే జరుగుచుండెను. ఇట్టి యాత్రలకు అశోకుడు తన యెనిమిదవ శాసనమున విహారయాత్రలని పేరుపెట్టి, పూర్వపు రాజులట్లు చేయుచుండిరని చెప్పినాడు. పూర్వపు రాజులనుటలో తన తొలినాళ్లను గూడ చేర్చుకొన్నాడో లేదో చదువరులే యూహింతురుగాక.

వంటయింటి సంగతి మాత్ర మాతడు దాచలేదు. మొదటి శాసనమున, తన పాకశాలలో ననుదినము లక్షలకొలది ప్రాణులు కూరకై చంపబడుచుండెడివనియు, ఈ శాసనము వ్రాయించునాటికి మూడే చంపబడుచున్నవనియు, అవి రెండు నెమళ్లును ఒక లేడియు ననియు, లేడి గూడ నిత్యము కాదనియు, ఈ మూడును ఇకముందు చంపబడవనియు చెప్పించినాడు. లక్షలనుట యతిశయోక్తి కావచ్చును. కాని ఆ రెండు నెమళ్లు మమ్ము చాల యాకర్షించినవి. పూర్తిగా మానివేసితినని రాతిమీద చెక్కించుకొనుట కేమి యడ్డము? ఎవరు పోయి వంటయిల్లు సోదాచేయుదురు? మానలేకపోయిన దానిని మానలేదని చెప్పినవాని మాటకు, మానితినన్న చోట గూడ విలువ కలుగును.

ఇక కళింగము. క్రీ. పూ. 261 ప్రాంతమున, పట్టాభిషేకమైన యెనిమిది సంవత్సరములకు, అశోకుడు కళింగదేశమును జయించెను. నేటి యొడిస్సా తీరమును మన శ్రీకాకుళపు సీమయు నా దేశములోనివే. అది చిన్న రాజ్యము గాదు. అరువదివేల పదాతులును, వేయి గుఱ్ఱములును, ఏడువందల యేనుగులును కళింగరాజునకు రక్షణగా నున్నవని ప్లినీ యను రోమకపండితుడు వ్రాసియున్నాడు. జయమునకు వెలయెంతయో పదమూడవ శాసనమున రాజే లెక్క చెప్పెను. లక్షయేబదివేలమంది చెరపట్టి కొనిపోబడిరి. లక్షమంది యుద్ధమున హతులైరి. అందుకెన్నో రెట్లు పిమ్మట నశించిరి. విజయమును చెప్పుకొనని రాజు లేడు. శత్రువుల శవములను లెక్కించి గర్వించినవారును కలరు. అదే లెక్కను చెప్పి, దానికై పశ్చాత్తాపపడుచున్నానని తన రాజ్యమున బండలపై చెక్కించిన రాజును మేము మరియొకని నెరుగము.

ఆ శాసనమున నందరును సంఖ్యలను చూచి యాగిపోవుదురు. వాని తరువాతి భాగమే మాకు ముఖ్యముగా తోచుచున్నది. ఆ దేశమున బ్రాహ్మణులును, శ్రమణులును, ఇతర మతస్థులును, గృహస్థులును గలరనియు, వారు పెద్దలమాట విందురనియు, తల్లిదండ్రులకు గురువులకు శుశ్రూష చేయుదురనియు, మిత్రులయెడను బంధువులయెడను దాసులయెడను కూలివాండ్రయెడను తగినట్లు వర్తింతురనియు, అట్టివారికి హింసయో మరణమో ప్రియజన వియోగమో సంభవించినదనియు రాజు చెప్పుచున్నాడు. అంతేకాదు. తమకేమియు కీడు కలుగకున్నను, స్నేహితులకు చుట్టములకు కలిగిన యాపదచేత దుఃఖించువారి దుఃఖమును గూడ నాతడు తన లెక్కలో చేర్చుకొన్నాడు. యుద్ధమున చచ్చినవారిని సేనాపతి లెక్కించును. వాకిట నిలిచి యెదురుచూచినవారిని లెక్కించినవాడీతడు.

ఇచ్చట నొక్కక్షణము నిలువవలెను. తరువాత నీ రాజు ముప్పదియేండ్లకు సమీపముగా నూరూర చాటించిన ధర్మమేది? పెద్దలమాట వినుట, తల్లిదండ్రుల శుశ్రూష, దాసభృత్యులయెడ తగిన వర్తనము, బంధుమిత్రులయెడ నాదరము. అనగా, తాను జయించుటకు పూర్వము కళింగులయిండ్లలో నున్నదేదియో యదియే. ఆతడు సుఖమును వెదకుచు సైన్యముతో వెళ్లి, అది యున్న గృహములను పడగొట్టినందువలననే అది యేమో తెలిసికొన్నాడు. దీనిని చదివిన ప్రతిసారియు మా మనస్సు కలతపడుచుండును. తెలిసికొనుటకు వేరు మార్గము లేకపోయెనా? పాటలీపుత్రమున నొక కుమ్మరివాని యింటిలోనికి తొంగిచూచినను నది కనబడియుండునుగదా!

కళింగము తరువాత నాతని సుఖమెట్లు మారెనో శాసనములు వరుసగా చెప్పును. పట్టాభిషేకమైన పదియవయేట సంబోధికి, అనగా బుద్ధగయకు, వెళ్లెను. అప్పటినుండి విహారయాత్రలకు బదులు ధర్మయాత్రలు మొదలిడెను. బ్రాహ్మణులను శ్రమణులను దర్శించుట, వృద్ధులను చూచి సువర్ణము పంచిపెట్టుట, పల్లెటూరి జనులను కలిసికొని వారితో ధర్మమును ముచ్చటించుట: ఇవి యాతని క్రొత్తవేట. ఇందు కలుగు సంతోషము మునుపటిదానికంటె నెక్కువయని యాతడు చెప్పినాడు. గమనింపుడు: సంతోషమును విడిచిపెట్టితినని చెప్పలేదు, ఎక్కువ సంతోషము దొరికినదని చెప్పినాడు. వైరాగ్యబోధకులకును ఈతనికిని భేదమిచ్చటనే యున్నది. త్రాడుకట్టి ప్రజలను దూరముంచిన తాతకును, పల్లెజనులతో మాటలాడుటయే విలాసముగా నెంచిన మనుమనికిని నడుమ రెండు తరములే గడచినవి.

ఆరవ శాసనము మరియు చిత్రము. తాను భోజనము చేయుచున్నను, అంతఃపురమున నున్నను, శయనగృహమున నున్నను, తోటలో నున్నను, ప్రజల పనులను గూర్చిన వార్తలను తనకప్పుడే తెలుపవలసినదని యాజ్ఞాపించెను. ఎంత శ్రమించినను తనకు తృప్తి లేదని యొప్పుకొనెను. ఎందులకీ శ్రమ? ప్రాణులయెడ తనకుగల ఋణమును తీర్చుకొనుటకట. కొందరినైన నిహమున సుఖపెట్టుటకట. వారు పరమున స్వర్గము పొందుటకట. దేవఋణము, ఋషిఋణము, పితృఋణమని మన పెద్దలు చెప్పిన ఋణములు మూడు. రాజునకు ప్రజలు ఋణపడియుందురని పన్నులు వసూలుచేయువారు చెప్పుదురు. రాజే ప్రజలకు ఋణస్థుడనుట క్రొత్త లెక్క. ఋణము తీర్చినవానికి కలుగునది గర్వము గాదు, గుండెబరువు తగ్గుట. అశోకుడు సుఖమని చెప్పినది చాలవరకీ జాతికి చెందినదని మాకు తోచుచున్నది. ఆ ఋణమున కళింగము పద్దెంతయో చెప్పనక్కరలేదు.

మా చదువరులలో గృహిణులు పెక్కుమంది గలరు గావున, తొమ్మిదవ శాసనమును గూర్చి కొంత విరివిగా వ్రాయుట యుక్తము. జనులు రోగము వచ్చినప్పుడును, కొడుకునకో కూతునకో పెండ్లి చేయునప్పుడును, బిడ్డ పుట్టినప్పుడును, ప్రయాణమై పోవునప్పుడును నానావిధ మంగళకార్యములు చేయుచున్నారనియు, అందును స్త్రీలు క్షుద్రములు నిరర్థకములు నగు మంగళములు పెక్కు జరుపుచున్నారనియు రాజు చెప్పినాడు. మంగళములు చేయరాదనలేదు, చేయవలసినదే గాని యట్టివానికి ఫలము స్వల్పమన్నాడు. మహాఫలమిచ్చు మంగళమేదనగా: దాసులయెడను కూలివాండ్రయెడను తగినట్లు వర్తించుట, గురువులను పూజించుట, ప్రాణులయెడ నోర్పు, దానము. తండ్రియు, కొడుకును, సోదరుడును, యజమానుడును, మిత్రుడును, తుదకు పొరుగువాడును గూడ నిది మంచిది, ఇదియే చేయదగినదని యొకరికొకరు చెప్పుకొనవలెనట.

ఇరువదిరెండు వందల యేండ్లు గడచినను ఈ శాసనమున మార్చవలసిన మాటలు మిక్కిలి తక్కువ. మేము చూచిన యొక పెండ్లిలో ముహూర్తము విఘడియలతో సహా తప్పలేదు. తలంబ్రాలకు ముత్యములు కలిపిరి. మంగళవాద్యములు మిన్నుముట్టినవి. గంగాళములు తోమిన మనిషి చంటిబిడ్డను చీరచెరగున పరుండబెట్టుకొని, పెండ్లివారు భోజనములు చేసి తాంబూలములు వేసికొని, చుట్టములు పండుకొన్న పిదప, అర్ధరాత్రమునకు విస్తరియందుకొన్నది. ఆమెకు పెట్టిన యన్నము చల్లారిపోయియుండెను. ఆ యింట నెవ్వరును దుర్మార్గులు కారు. ఆ సంగతి వారికి తోచనేలేదు, అంతే. ప్రియదర్శి లెక్కప్రకార మా పెండ్లిలో ముఖ్యమైన మంగళము జరుగక మిగిలినది.

ఇట్లనుచు రాజుపక్షమునే వాదింపబోము. స్త్రీలు నిరర్థక మంగళములు జరుపుచున్నారనుట సులభము. బిడ్డకు జ్వరము వచ్చిన తల్లికి మ్రొక్కుబడి తప్ప వేరేమి చేతిలో నున్నది? వైద్యుని పిలుచుట పురుషుని చేతిలోనిది, ధనము పురుషుని చేతిలోనిది. చదువును ధనమును లేకుండ చేసి, మూఢవిశ్వాసము మీదే యని నిందించుట మన కాలపు సంస్కర్తలును చేసిన పొరపాటే. ఇంకొక సంగతి. నక్షత్రములను చూడవద్దని యీ రాజే చెప్పినట్లు పొంగిపోనక్కరలేదు. తన శాసనములను పుష్యమీ నక్షత్రమునాడు చదివి వినిపింపవలెనని యీతడే వేరొకచోట నాజ్ఞాపించినాడు. నెమళ్లవలెనే నక్షత్రమును పూర్తిగా మానలేకపోయెను. రాణులలో కారువాకి యనునామె చేసిన దానములను, అవి మామిడితోపులు గానీ సత్రములు గానీ, ఆమె పేరనే లెక్కవ్రాయవలసినదని ప్రయాగస్తంభముమీద నొక యాజ్ఞ గలదు. స్త్రీ చేసిన దానము స్త్రీ పేరనుండుట యా కాలమునకు చిన్న సంగతి గాదు.

అశోకుడనగానే బడిపిల్లవాడు గూడ నాతడు బాటల కిరుప్రక్కల చెట్లు నాటించెనని చెప్పును. అది సత్యమే. మఱ్ఱిచెట్లు, మామిడితోపులు, బావులు, సత్రములు, మనుష్యులకు పశువులకు చికిత్స, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించుట, ఇవన్నియు శాసనములందున్నవి. కాని ఈ బాలబోధలో చెప్పని మాటయొకటి గలదు. నేడు ఢిల్లీలోనున్న తోప్రాస్తంభముమీద, తన పట్టాభిషేకపు టిరువదియేడవ యేట చెక్కించిన శాసనమున, చెట్లను బావులను వర్ణించిన వెంటనే యీ సౌకర్యము లఘువైనదని యాతడు వ్రాయించినాడు. పూర్వపు రాజులును నిట్టి సౌఖ్యములు కలిగించిరి. జనులు ధర్మము ననుసరించుటకై తానివి చేసితినని యాతని తాత్పర్యము. లహుక మను నీ పదమే పదమూడవ శాసనమునను వచ్చును. ధర్మవిజయమువలన తనకు ప్రీతి కలిగినదనియు, ఐనను ఆ ప్రీతియు లఘువే యనియు నచ్చట చెప్పినాడు.

సుఖమును తూచిన త్రాసిది. ఒక తట్టలో నీడయు నీళ్లును; అవి లఘువులు. వేరొక తట్టలో తన కీర్తి యవనరాజ్యములవరకు, దక్షిణమున చోళపాండ్యులవరకు, తామ్రపర్ణివరకు వ్యాపించినదను నానందము, అదియు లఘువు. ఈ రెండవదానిని లఘువనుటకు సామాన్యమగు మనోబలము చాలదు. దుర్మార్గమునుండి కలుగు సుఖమును తప్పని చెప్పువారు పెక్కుమంది గలరు. మంచిపని చేసినందున కలుగు సుఖమునందు గూడ నొక మత్తున్నదని గ్రహించినవారు తక్కువ. పాఠశాలకు చందాయిచ్చి, శిలాఫలకముమీద పేరు చెక్కించుకొని, ఆ పేరును చూచుకొనుటకై మరల మరల వచ్చు మన దాతలీ పదము నొకసారి చదివిన బాగుండును. పెద్దఫలము పరలోకమునదని రాజు నమ్మినాడు. పరలోకమునందు నమ్మకము లేని చదువరులు గూడ నా తూనికను కాదనలేరు.

ఇప్పుడాతని లోపములను చెప్పవలెను. యుద్ధమునకై పశ్చాత్తాపపడిన యా శాసనముననే అడవిజాతులకు హెచ్చరిక గలదు. దేవానాంప్రియునకు పశ్చాత్తాపమున్నను శక్తియు నున్నదనియు, వారు తమ పనులకు సిగ్గుపడనిచో చంపబడుదురనియు దాని భావము. మరణశిక్షను తీసివేయలేదు; తీర్పైనవారికి మూడుదినముల గడువు మాత్ర మిచ్చినాడు. ఇరువదియారేండ్లలో నిరువదియైదుమార్లు ఖైదీలను విడిపించితినని చెప్పుకొన్నాడు గాని చెరసాలలు నిలిచియే యున్నవి. దాసులను చక్కగా చూడవలెనన్నాడు, దాస్యమే వలదనలేదు. ఇవి యా కాలపు హద్దులని చెప్పి యూరకుండవచ్చును. ఒక్కటి మాత్ర మట్లు చెప్పి దాటరానిది. చెరపట్టబడిన లక్షయేబదివేలమంది యేమైరి? వారిని స్వదేశమునకు పంపించితినని యే శాసనమునను లేదు. కళింగమును కళింగులకు తిరిగి యిచ్చితినని యే శాసనమునను లేదు. దుఃఖించినాడు, ఆ దుఃఖము నిజమైనదనియే మా నమ్మకము. జయించినదానిని మాత్రము చేతినుండి విడువలేదు. దొంగిలించిన సొమ్ము నింట నుంచుకొని దొంగతనమునకు పశ్చాత్తాపపడువానికి సుఖమెట్లు కలుగును? ఎంత శ్రమించినను తృప్తి లేదన్న యాతని మాటకు మూలమిందే యున్నదేమో యని మాకు సందేహము.

కళింగమున నాతని శాసనములు రెండుచోట్ల గలవు. ఒకటి భువనేశ్వరమునకు సమీపమున ధౌళి. కిట్టో యను నాతడు 1837లో దానిని కనుగొనెను. రెండవది ఋషికుల్యాతీరమున జౌగడ. 1850లో వాల్టరు ఎలియట్టు దానికి ప్రతి తీసికొనెను. 1936లో నొడిస్సా రాష్ట్ర మేర్పడువరకును జౌగడగల గంజాము జిల్లా మన చెన్నపురి రాజధానిలోనిదే. ఈ రెండుచోట్లను మొదటి పది శాసనములును, పదునాలుగవదియు నున్నవి. పదునొకండవది, పండ్రెండవది, పదమూడవది లేవు. కళింగయుద్ధమును గూర్చిన మాట కళింగమునందే చెక్కబడలేదు! వాని బదులు రెండు వేరుశాసనములున్నవి. ప్రజలందరు తన బిడ్డలనియు, తన బిడ్డలకు కోరునట్లే ఇహపరములందు వారికి సర్వసుఖమును కోరుచున్నాననియు అందున్నది. నిష్కారణముగా నెవ్వనిని బంధింపరాదు, బాధింపరాదని తోసలి, సమాపానగరములయందలి యధికారులకు చెప్పి, ఈర్ష్య, కోపము, నిష్ఠురత, తొందరపాటు, అభ్యాసములేమి, సోమరితనము, అలసట యను నేడు దోషములు న్యాయమును చెరుచునని హెచ్చరించినాడు. అలసటను దోషములలో చేర్చుట చూడుడు. సాయంకాలము కచ్చేరిలో నిలిచి తీర్పుకై యెదురుచూచిన పేదవానికి దాని యర్థము తెలియును. పొరుగున నింకను జయింపబడని జనులు తన్ను గూర్చి భయపడనక్కరలేదనియు, తనవలన వారికి సుఖమేగాని దుఃఖము కలుగదనియు రెండవదానిలో చెప్పినాడు.

ఈ రెండు శాసనములును కన్నడదేశమందలి సన్నతిలో, దేవీవిగ్రహమునకు పీఠముగా నుండిన శిలపై గూడ నిటీవలి కాలమున దొరకినవి. కావున నివి కళింగులకొరకు మాత్రమే వ్రాయబడినవని చెప్పరాదు. పదమూడవది కళింగమున లేకుండుటమాత్ర మట్లే యున్నది. గాయపడినవారి యెదుట గాయమును మరల కెలుకరాదను దయయే దీనికి కారణమని కొందరందురు. ఓడినవారికి తమ యోటమి వెల తెలిసినచో తిరుగబడుదురను రాజనీతియని మరికొంద రందురు. రెండును నిజమైయుండవచ్చును, రాజుల దయలోను నీతి యుండును. మా యభిప్రాయమేమనగా, క్షమింపుమను మాట యెవరికి చెప్పవలెనో వారికిగాక తక్కిన లోకమునకెల్ల చెప్పబడినది. గిర్నారునను, కాల్సియందును, నేటి పాకిస్తానమందలి షాబాజ్‌గఢీయందును అది చెక్కబడినది. ఎర్రగుడియందును చెక్కబడినది.

ఆ శాసనముననే, తన ధర్మోపదేశమును పాటించుచున్న జనుల పేర్లు చెప్పుచు రాజు ఆంధ్రులను పుళిందులతో గలిపి పేర్కొన్నాడు. కావున కళింగుల దుఃఖమును గూర్చి మన పూర్వులు వినియుందురు. పుష్యమినాడు, సంకల్పమున్నచో నడుమ నింకొకనాడు, వినువా డొక్కడే యైనను వినిపింపవలసినదని ధౌళిశాసనమునకు రాజాజ్ఞ. ఎర్రగుడి చిన్నశాసనమున, ఏనుగులెక్కువారికిని, వ్రాయసకాండ్రకును, రథములు నడపువారికిని, బ్రాహ్మణులకును ధర్మమును శిష్యులకు నేర్పవలసినదని చెప్పబడినది. చిన్నవాడైనను పూనికతో స్వర్గమును పొందగలడనియు, అది గొప్పవారికే యని తలపరాదనియు నందే యున్నది.

ధౌళియందు శాసనమునకు పైగా, బండలోనుండి యేనుగొకటి ముందటి సగము బయటకు వచ్చినట్లు మలచబడియున్నది. దాని క్రింద పదమూడవ శాసనముండవలసిన చోట బిడ్డలను గూర్చిన మాట యున్నది. లక్షయేబదివేల లెక్క తెలియగోరిన కళింగుడు పడమరగా నడచి, గోదావరిని కృష్ణను దాటి, ఎర్రగుడికి రావలసియుండెను.